రోరైమా: లేచిన కొండ కాదు, మిగిలిన కొండ

(భూగర్భశాస్త్ర అధ్యాపకులు ఒకరి స్మారకార్థం కడపలో చేసిన ఉపన్యాస పాఠం)



మాస్టారి వ్యక్తిత్వం గురించి నాకంటే ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నేను ఆయన పాఠం చెప్పే పద్ధతిలోంచి ఒక్క ముక్క తీసుకుంటాను. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, విద్యార్థి చేతికి రాయి ఇచ్చి "దీని వయసెంత?" అని అడిగేవారు. బట్టీపట్టిన అంకె ఠక్కున అప్పజెప్పినవాడికి మార్కులు పడేవి కావు. "ఏ వయసయ్యా చెబుతున్నావు? ఇసుకదా, రాయిదా, కొండదా?" అనేవారు. ఈ మూడింటికీ మధ్య ఉన్న తేడాయే ఇవాళ్టి నా విషయం. ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపించే చోటు దక్షిణ అమెరికాలో ఉంది. దాని పేరు రోరైమా.

కొండ, దాని చుట్టూ కథలు

వెనిజులా, బ్రెజిల్, గయానా దేశాల సరిహద్దులు కలిసేది ఈ కొండ మీదే. ఎత్తు 2,810 మీటర్లు. మొనదేలిన శిఖరం లేదు. పైన సుమారు 31 చదరపు కిలోమీటర్ల బల్లపరుపు నేల, దాని అంచుల్లో 400 మీటర్ల దాకా నిట్టనిలువు గోడలు. పైన పడిన వాన మూడు దిక్కులకు పారి ఒరినోకో, అమెజాన్, ఎస్సెక్విబో నదుల్లో కలుస్తుంది. ఇలాంటి కొండల్ని అక్కడి పెమోన్ జనం తెపూయిలంటారు. వెనిజులా ఆగ్నేయ భాగంలో అవి పదుల సంఖ్యలో ఉన్నాయి. 979 మీటర్ల ఏంజెల్ జలపాతం దూకేది వాటిలో ఒకటైన ఔయాన్ తెపూయి మీద నుంచే.

గయానా పేరు మనవాళ్లలో కొందరికి తాతల నాటి నుంచి తెలుసు. బ్రిటిష్ కాలంలో మద్రాసు రేవులో ఓడలెక్కి అక్కడి చెరకు తోటల్లో కూలికి వెళ్లినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లు స్థిరపడింది సముద్ర తీరపు ఒండ్రు నేలల్లో. నేను చెప్పే కొండ ఆ దేశపు పడమటి కొసన, అడవులకు ఆవల ఉంది.

ఈ గోడలు మనిషికి లొంగవని యూరోపియన్ యాత్రికులు చాలాకాలం అనుకున్నారు. 1884 డిసెంబరు 18న ఎవరార్డ్ ఇమ్ థర్న్, హ్యారీ పెర్కిన్స్ నైరుతి గోడకు ఏటవాలుగా సాగిన ఒక అంచు పట్టుకుని పైకి చేరారు. ఇప్పటికీ కాలినడకన వెళ్లేవారిది అదే దారి. 1912లో ఆర్థర్ కానన్ డాయిల్ 'ది లాస్ట్ వరల్డ్' నవల రాశాడు. అందులో ఇలాంటి కొండ మీదే డైనోసార్లు బతికి ఉంటాయి. ఆ నవలకు ప్రేరణ రోరైమాయేనని ప్రతీతి. అప్పటి నుంచి ఈ కొండను కాలం ఆగిపోయిన చోటుగా చూడడం జనానికి అలవాటైంది.

పెమోన్ల కథ వేరు. లోకంలోని పండ్లన్నీ కాసే మహావృక్షం ఒకటి ఉండేదట. మకునైమా అనేవాడు దాన్ని నరికేశాడు. నరికిన చోట నుంచి వరద పొంగింది. చెట్టు పోయింది, మొద్దు మిగిలింది. ఆ మొద్దే రోరైమా. భూగర్భశాస్త్రం చెప్పేదానికి డాయిల్ నవల కంటే ఈ కథే దగ్గర. నేల చీల్చుకుని పైకొచ్చిన కొండగా కాకుండా, చాలా పెద్దదేదో పోగా నిలిచిన శేషంగా ఆ జనం దాన్ని చూశారు. ఇవాళ నేను చెప్పదలచినదీ అదే.

1. ఇసుక వయసు

రోరైమా గోడలోని రాయి దాదాపు అంతా క్వార్ట్జ్ ఇసుక. ఆ ఇసుక ఎక్కడి నుంచి వచ్చింది?

గయానా షీల్డ్ అనే ప్రాచీన శిలా ఫలకం మీద, సుమారు 220 నుంచి 200 కోట్ల ఏళ్ల కిందట పెద్ద పర్వత శ్రేణులు లేచాయి. ట్రాన్స్ అమెజోనియన్ పర్వత నిర్మాణమని దానికి పేరు. ఆ పర్వతాలు ఇప్పుడు లేవు. వాటి అడుగున గడ్డకట్టిన గ్రానైట్లు, ఒత్తిడికి రూపం మారిన నైస్‌లు మాత్రం ఉన్నాయి. పైనున్నదంతా అరిగి, నదుల వెంట పల్లానికి చేరింది. రోరైమా ఇసుకలో దొరికే జిర్కాన్ అనే ఖనిజపు రేణువుల వయసు లెక్కగడితే, ఎక్కువభాగం 200 కోట్ల ఏళ్లకు పైబడినవే. అంటే ఇసుక తన పుట్టిల్లు ఏదో తానే చెబుతోంది.

ఆనాటి నదిని ఊహించాలంటే మనకు తెలిసిన నదిని కాసేపు మరిచిపోవాలి. నేల మీద చెట్టు లేదు, గడ్డిపోచ లేదు. గట్టును పట్టి ఉంచే వేరంటూ లేదు. అందువల్ల నది ఒక పాయలో నిలవదు. వానొస్తే మైళ్ల వెడల్పున పరుచుకుంటుంది, తగ్గితే ఇసుక మేట వదిలి పక్కకు జరుగుతుంది. ఇలా మేట మీద మేట పడి, చాలా దూరం ఒకే మందంతో సాగే సమతల పొరలు ఏర్పడ్డాయి. దారిలో ఫెల్డ్‌స్పార్ వంటి సులువుగా శిథిలమయ్యే ఖనిజాలు మట్టిగా మారి కొట్టుకుపోయాయి. గట్టిదీ, నీటికి లొంగనిదీ అయిన క్వార్ట్జ్ నిలిచింది. కొన్ని పొరలు నదులవి, కొన్ని డెల్టాలవి, కొన్ని తీరం వెంబడి లోతు తక్కువ సముద్రానివి.

దీనికి సాక్ష్యం కొండ మీద నడిచేవారి కాళ్ల కిందే ఉంది. పైన చాలా బండల మీద అలల గుర్తులు కనిపిస్తాయి. వేలు పట్టేంత పల్లం, పక్కన చిన్న గట్టు, మళ్లీ పల్లం, ఇలా వరసగా సాగుతాయి. విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. గట్టుకు రెండు వైపులా వాలు సమానంగా ఉంటే అక్కడ నీరు ముందుకూ వెనక్కూ ఊగిందని అర్థం. అది ఒడ్డు దగ్గరి అల. ఒక వాలు పొడుగ్గా, రెండోది నిటారుగా ఉంటే నీరు ఒకే దిక్కుకు పారింది. నిటారు వాలు ఉన్న వైపే ప్రవాహం పోయింది. 2,700 మీటర్ల ఎత్తున నిలబడి, ఎన్నడో ఎండిపోయిన నీటి నడక ఎటో చేత్తో తడిమి చెప్పవచ్చు.

2. రాయి వయసు

ఇసుకరాయికి వయసు కట్టడం కష్టం. రేణువుల వయసు తీస్తే పాత పర్వతాల వయసు వస్తుంది కానీ మేట పడిన కాలం రాదు. రోరైమా విషయంలో అగ్నిపర్వతాలు సాయం చేశాయి. ఇసుక పేరుకుంటున్న కాలంలోనే ఎక్కడో అగ్నిపర్వతాలు పేలి, బూడిద వచ్చి ఆ పొరల మధ్య పడింది. వైమపూయె అనే పొరల వరసలో ఆ బూడిద గట్టిపడి ఉంది. బూడిదతో వచ్చిన జిర్కాన్ స్ఫటికాలు పేలుడు సమయంలో పుట్టినవి. పుడుతున్నప్పుడు జిర్కాన్ యురేనియాన్ని తనలో చేర్చుకుంటుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. తర్వాత అందులో కనిపించే సీసమంతా యురేనియం క్షయం వల్ల వచ్చిందే. యురేనియం 238 సగానికి తగ్గడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది కనుక, రెండింటి నిష్పత్తి కొలిస్తే కాలం తేలుతుంది. 2003లో ప్రచురితమైన కొలత ప్రకారం ఆ బూడిద వయసు 187 కోట్ల 30 లక్షల ఏళ్లు. అటూఇటూ 30 లక్షలు. ఆ వరసకు పైనున్న మతావీ ఇసుకరాయే నేటి రోరైమా గోడ.

పేరుకున్న ఇసుక రాయి ఎలా అయింది? వెనిజులా వైపు ఈ పొరల మొత్తం మందం మూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంత బరువు కింద రేణువులు ఒకదానికొకటి ఒత్తుకున్నాయి. వాటి మధ్య నీటిలో కరిగి ఉన్న సిలికా మళ్లీ గడ్డకట్టి రేణువుల్ని అతికింది. ఇలాంటి రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే మొదట అంతా ఒకటే క్వార్ట్జ్‌లా కనిపిస్తుంది. నిదానంగా చూస్తే ఒక్కో రేణువు లోపల సన్నటి దుమ్ము గీత గుండ్రంగా తిరిగి ఉంటుంది. గీత లోపలిది నది దొర్లించిన అసలు ఇసుక రేణువు. గీత బయటిది తర్వాత పెరిగిన సిలికా. ఆ గీత ఒక అంచు, దాని అవతల మరో కాలం. ఇసుక వయసూ రాయి వయసూ వేరని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి రుజువు తెలియదు.

ఆ తర్వాత, దాదాపు 178 కోట్ల ఏళ్ల కిందట, లోతు నుంచి శిలాద్రవం (మాగ్మా) వచ్చి పొరల మధ్య దూరి, పలకలుగా గడ్డకట్టింది. ఇవే డోలరైట్ సిల్‌లు. ఆపైన ఆ ప్రాంతంలో పర్వతాలు లేవలేదు, పొరలు ముడతలు పడలేదు. పేరుకున్నప్పుడు ఎలా పడుకున్నాయో దాదాపు అలాగే పడుకుని ఉన్నాయి. కొండకు ఆ బల్లపరుపు రూపం రావడానికి మొదటి షరతు ఇదే. పొర వంగి ఉంటే తల చదునుగా ఉండదు.

3. కొండ వయసు

ఇప్పుడు అసలు ప్రశ్న. 187 కోట్ల ఏళ్ల కిందట రోరైమా కొండ ఉందా? లేదు. రాయి కాబోయే ఇసుక ఉంది, కొండ లేదు. అప్పుడున్నది లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న ఇసుక మైదానం. ఇప్పుడు దాని తునకలు వెనిజులా నుంచి సురినామ్ లోని టాఫెల్‌బర్గ్ దాకా చెదురుమదురుగా ఉన్నాయి. రోరైమాకు ఎదురుగా, లోయ అవతల కుకెనాన్ తెపూయి నిలబడి ఉంటుంది. ఒకదాని గోడలోని పొరలు రెండోదాని గోడలోనూ ఉన్నాయి. రెండు ముక్కల మధ్య ఒకప్పుడు ఖాళీ లేదనడానికి అదే సాక్ష్యం. కింద విస్తరించిన గ్రాన్ సబానా మైదానమూ ఈ వరసలోని అడుగు పొరలదే. పై పొరలు అక్కడ పోయాయి, ఇక్కడ నిలిచాయి.

ఈ కోత ఎప్పుడు జోరందుకుంది? ఆఫ్రికా, దక్షిణ అమెరికా విడిపోయి అట్లాంటిక్ సముద్రం విచ్చుకున్న కాలంలో, అంటే గత 20 కోట్ల ఏళ్లలోపే, ఈ ప్రాంతం దశలవారీగా పైకి లేచింది. నేల లేచినప్పుడల్లా నదుల వాలు పెరిగింది, కోత పదునెక్కింది. కోత వల్ల పైబరువు తగ్గితే అడుగునున్న భూపటలం ఇంకొంచెం పైకి తేలుతుంది. తేలితే కోత మళ్లీ సాగుతుంది. వెనిజులా భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతంలో మెట్లుమెట్లుగా ఉన్న పాత మైదాన తలాల్ని గుర్తించారు. అన్నిటికంటే పై మెట్టు తెపూయిల నెత్తి. గ్రాన్ సబానా దానికి చాలా దిగువ మెట్టు.

గోడలు నిట్టనిలువుగా ఉండడానికి కారణం రెండు రకాల రాళ్లు. పైన మతావీ క్వార్ట్జ్ ఇసుకరాయి గట్టిది. దాని కిందున్న వైమపూయె వరస, బూడిదా బురదరాళ్లూ కలిసినది కనుక, అంత గట్టిది కాదు. కింది రాయి ముందు అరిగిపోతుంది. పై రాతికి ఆధారం తప్పుతుంది. పై రాతిలో నిలువు పగుళ్లు ఉండనే ఉన్నాయి. ఆ పగులు వెంట ఒక పెద్ద చెక్క విడిపోయి కిందికి జారుతుంది. కొత్త గోడ కూడా నిలువుగానే ఉంటుంది. అందువల్ల రోరైమా పొట్టిదవుతున్నదానికంటే ఇరుకవుతున్నదే ఎక్కువ. ఎత్తు దాదాపు అలాగే ఉంటుంది, అంచులు లోపలికి జరుగుతుంటాయి. ఒకనాటికి పైన బల్ల ఉండదు, స్తంభం మిగులుతుంది. తర్వాత అదీ మిగలదు.

కనుక మూడు వయసుల లెక్క ఇది. ఇసుకకు 200 కోట్ల ఏళ్లకు పైన. రాతికి సుమారు 187 కోట్లు. కొండ ఆకారానికి రాతి వయసులో పదో వంతు ఉంటే ఎక్కువ. రోరైమాను ప్రపంచంలోకెల్లా పాత కొండల్లో ఒకటి అని పత్రికలు రాస్తుంటాయి. ఆ వాక్యంలోని పాతదనం రాతిది.

పైన ఉన్న ప్రాణుల సంగతీ అంతే. రోరైమా నెత్తిన నల్లటి చిన్న కప్ప ఒకటుంది. దూకలేదు, మెల్లగా పాకుతుంది. ఇలాంటి జీవులు కోట్ల ఏళ్లుగా అక్కడే బందీలై ఉన్నాయని చాలాకాలం అనుకున్నారు. తెపూయిల మీది కప్పల, బల్లుల జన్యువుల్ని పోల్చి 2012లో వెలువడిన అధ్యయనంలో, వేర్వేరు కొండల మీది చాలా జాతుల మధ్య తేడా చాలా తక్కువని తేలింది. కొండలు విడిపోయిన ఎన్నో కాలాల తర్వాత కూడా జీవులు ఒకదాని మీద నుంచి మరోదాని మీదికి చేరాయన్నమాట. రాయి పాతదైతే ప్రాణం కూడా అంతే పాతదని అనుకోకూడదు.

4. నీటి పని

దూరం నుంచి బల్లలా కనిపించే రోరైమా నెత్తి దగ్గరికి వెళ్తే చదును కాదు. చీలికలు, గుంటలు, పుట్టగొడుగు ఆకారపు రాళ్లు, స్ఫటికాలు పరిచిన లోయలు, ఎర్రటి చెలమలు ఉంటాయి. రాయి పైకి నల్లగా ఉంటుంది. ఆ నలుపు రాతి మీద బతికే సూక్ష్మజీవుల పొరది. పగలగొడితే లోపల లేత గులాబీ రంగు.

క్వార్ట్జ్ నీటిలో కరగదని బడిలో చదువుకున్నాం. సరిగ్గా చెప్పాలంటే, కరుగుతుంది కానీ లీటరు నీటిలో కొన్ని మిల్లీగ్రాములకు మించదు. ఏడాది పొడుగునా వానపడే చోట, కోట్ల ఏళ్ల గడువు ఇస్తే, ఆ కొద్దిపాటి కరుగుదలే సరిపోతుంది. సిద్ధవటం కోట వంటి పాత కట్టడాల్లో గోడ పడిపోయిన చోట చూడండి. రాయి చెక్కుచెదరదు, మధ్యనున్న సున్నం పోయి గోడ విడిపోతుంది. రోరైమా రాతిలోనూ అంతే. నీరు మొత్తం క్వార్ట్జ్‌ను కరిగించనక్కర్లేదు, రేణువుల మధ్యనున్న అతుకును కరిగిస్తే చాలు. రేణువులు వదులై మళ్లీ ఇసుకవుతాయి. ఆ ఇసుకను పారే నీరు మోసుకుపోతుంది. రాతి లోపల సొరంగం ఏర్పడుతుంది.

గుహలంటే సున్నపురాతివే అనుకునే రోజుల్లో చదువుకున్నవాళ్లం మేం. ఈ శతాబ్దం మొదట్లో రోరైమా లోపల పది కిలోమీటర్లకు పైగా సాగే గుహల వరసను కొలిచారు. ఔయాన్ తెపూయి లోపలా అంతటి పెద్ద గుహలు 2013లో బయటపడ్డాయి. వాటిలో సిలికాతో ఏర్పడిన విచిత్రమైన ముద్దలు, కొమ్మలు వేలాడుతున్నాయి. వాటి నిర్మాణంలో సూక్ష్మజీవుల పాత్ర ఉంది. కొండ బయటి నుంచే కాదు, లోపలి నుంచీ అరుగుతోంది. కాలం ఆగిపోయిన చోటు అన్న మాటకు ఇంతకంటే గట్టి ఖండన అక్కర్లేదు.

5. మన కడప రాళ్లు

ఇంత దూరపు కొండ గురించి కడపలో ఎందుకు చెబుతున్నానని అనుకుంటున్నవారు ఉండవచ్చు. కారణం ఉంది. రోరైమా పొరల మధ్య బూడిద పడిన కాలంలోనే మన కడప బేసిన్‌లోనూ పొరలు పేరుకుంటున్నాయి. తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల సిల్ వయసు 188 కోట్ల 50 లక్షల ఏళ్లని తేలింది. అది రోరైమా బూడిద కంటే సుమారు కోటి 20 లక్షల ఏళ్లు పెద్దది. కోట్ల లెక్కలో ఇద్దరూ ఈడువారే. ఆ సిల్ కంటే ముందటివి గువ్వలచెరువు ఘాట్‌లో కనిపించే గుల్చేరు క్వార్ట్‌జైట్ (గట్టిపడిన క్వార్ట్జ్ ఇసుకరాయి), దాని మీది వేంపల్లె సున్నపురాళ్లు. వేంపల్లె రాళ్లలో స్ట్రోమటోలైట్లు, అంటే సూక్ష్మజీవుల వల్ల ఏర్పడిన పొరలు, ఉన్నాయి. ఆనాడు నేల మీద గడ్డి లేకపోయినా, నీటిలో సూక్ష్మజీవులు ఉన్నాయనడానికి అవి సాక్ష్యం. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద జియలాజికల్ సర్వే తరఫున పెద్ద గ్రంథం వెలువరించాడు. రేడియో ధార్మికతే తెలియని రోజులవి. ఆయన పొరల వరసను కాళ్లతో నడిచి నిర్ణయించాడు.

పొర వంగకపోతేనే తల చదునవుతుందన్నాను. ఆ మాటకు రుజువు మన బేసిన్‌లోనే రెండు చివర్లా ఉంది. పడమటి వైపు గండికోటలో క్వార్ట్‌జైట్ పొరలు దాదాపు అడ్డంగా పడుకుని ఉన్నాయి. పెన్న వాటిని నిలువునా కోసింది. పైన చదును, పక్కన గోడ. తూర్పున నల్లమలలో పొరలు ఒత్తిడికి ముడతలు పడ్డాయి. అక్కడ బల్ల ఉండదు, వంపులు తిరిగిన కొండ వరసలు ఉంటాయి. ఒకే బేసిన్, రెండు తలరాతలు.

వజ్రాల సంగతీ ఒకసారి చూడండి. తొలకరి పడగానే జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో జనం వంగి వెతుకుతుంటారు. మన బనగానపల్లె గులకరాతి పొరల్లో వజ్రాలున్నాయి, వాటిని తవ్వుకున్న చరిత్రా ఉంది. గయానాలోనూ, వెనిజులాలోనూ ఏటి ఇసుకలో వజ్రాలు వెతికేవాళ్లున్నారు. అక్కడి వజ్రాల్లో చాలావరకు రోరైమా వరసలోని గులకరాతి పొరలు అరిగి బయటపడినవేనని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. రెండు చోట్లా కథ ఒకటే: పాత నది మోసి దాచినదాన్ని కొత్త నది తవ్వి తీసింది.

తిరుమల ఘాట్ రోడ్డులో జియలాజికల్ సర్వే జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించిన చోటు ఒకటుంది. కింద ఆర్కియన్ యుగపు గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్. రెండింటినీ కలిపే గీత మీద చెయ్యి పెట్టవచ్చు. ఆ గీతలో పదుల కోట్ల ఏళ్ల చరిత్ర లేదు, అరిగిపోయింది. రోరైమా మనకు నేర్పే పాఠం ఇక్కడా పనికొస్తుంది: ఉన్న రాతిని చదవడం సగం పని, లేని రాతిని లెక్కలోకి తీసుకోవడం మిగతా సగం.

చివరగా రెండు విన్నపాలు. మొదటిది అధ్యాపక మిత్రులకు. డిగ్రీ రెండో ఏడు పూర్తయ్యేలోపు ప్రతి విద్యార్థినీ ఒక్కసారైనా గువ్వలచెరువు ఘాట్‌కు తీసుకెళ్లండి. సుత్తి, లెన్సు, నోట్‌బుక్కు చాలు, ఖర్చయ్యేది ఒక్కరోజు బస్సు బాడుగే. రెండోది రోడ్లు వేసే ఇంజనీర్లకు. ఘాట్ రోడ్లు వెడల్పు చేసేటప్పుడు కొండ కోతల్ని సిమెంటుతో కప్పాల్సి వస్తుందని తెలుసు, జనం ప్రాణాలు ముఖ్యమే. కానీ పొరలు స్పష్టంగా కనిపించే చోట, ప్రమాదం లేనంత మేర, పది గజాల రాతిని కప్పకుండా వదిలి, పక్కన తెలుగులో ఒక బోర్డు పెట్టించండి. అరిగిపోయిన రాయి తిరిగి రాదు. ఉన్నదాన్ని మన చేతులతో మనమే కప్పేసుకోకుండా చూసుకుందాం.